పలాస జీడి పరిశ్రమల వారికి హెచ్చరిక: అవసరాల పత్రం సరిచూడకుండా సాఫ్ట్‌వేర్ ఒప్పందంపై సంతకం పెట్టకండి

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడి పరిశ్రమ నడుపుతూ, లెక్కల కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ చేయించుకోవాలనుకుంటున్న వారందరూ అడ్వాన్సు ఇచ్చే ముందు నా అనుభవాన్ని చదవవలసిందిగా కోరుతున్నాను. నేను చెల్లించిన 2.5 లక్షల రూపాయలు తిరిగి వస్తాయన్న ఆశ నాకు లేదు.

నేను పని అప్పగించిన సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రతినిధి మా అవసరాలు తెలుసుకోవడానికని ఒక్క పూట వచ్చి, ఆఫీసు గదిలో మా గుమస్తాతో గంటన్నర మాట్లాడి, బిల్లుల నమూనాలు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. పిక్కలు (పెంకుతో ఉన్న పచ్చి జీడిగింజలు) ఉడికించే చోటికి గానీ, పప్పు గ్రేడింగ్ చేసే హాలుకు గానీ ఆయన అడుగు పెట్టలేదు. వారం తర్వాత వచ్చిన అవసరాల పత్రంలో, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన 4 పేజీల ఆంగ్ల పత్రంలో, మా పని మొత్తాన్నీ స్టాక్ నిర్వహణ, కూలీల చెల్లింపు, రిపోర్టులు అని మూడు ముక్కల్లో సరిపెట్టారు. దానిపై నేను సంతకం పెట్టాను. అసలు నష్టం జరిగింది ఆ రోజే.

మన పనిలో కొన్న సరుకు కొన్నట్టుగా అమ్ముడుపోదు. 80 కిలోల పిక్కల బస్తా నుంచి 20 కిలోల పైచిలుకు పప్పు వస్తుంది. అందులో గుండు (విరగని పప్పు) వేరు, బద్ద (రెండుగా విడిన పప్పు) వేరు, ముక్క వేరు. గుండులోనూ పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 220 నుంచి 240 గింజలు తూగే పప్పుకు ఒక ధర, 300 నుంచి 320 తూగే పప్పుకు మరో ధర. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం కిరాణా కొట్టులో బియ్యం లెక్క రాసినట్టు బస్తాలను నిల్వలో చేర్చుకుని, పప్పు అమ్మిన ప్రతిసారీ నిల్వను మైనస్‌లో చూపించింది. ఏ లాటు పిక్కలకు ఎంత పప్పు దిగిందో తెలుసుకోవడమే నా ముఖ్య అవసరం కాగా, దానికి అందులో చోటే లేదు.

అంతకన్నా బాధపెట్టినది కూలి లెక్క. మా దగ్గర తొక్క తీసే ఆడవాళ్ళకు తీసిన పప్పు తూకం మీదే కూలి ఇస్తాం. ఒకామె పప్పు కాటాపై 14.350 కిలోలు తూగితే తెరపై 14 అనే పడింది. ఆమె తన పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్న అంకెను కంప్యూటర్ చీటీ పక్కన పెట్టి, "బాబూ, నా మూడొందల యాభై గ్రాములు ఏటైపోనాయి?" అని అడిగినప్పుడు నేను తలెత్తలేకపోయాను.

సంస్థను నిలదీస్తే, గ్రాముల సంగతి పత్రంలో లేదు కనుక అది కొత్త మార్పు అవుతుందని, అదనంగా చెల్లించాలని చెప్పారు. రైతుల దగ్గర నేరుగా కొన్న పిక్కలపై రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవారికి బదులు కొన్న మనమే, కట్టవలసిన జీఎస్టీ లెక్కకూ అదే జవాబు. ఒప్పందం ప్రకారం వారి మాట కాదనలేను. కానీ తెలుసుకోవలసిన వారు అడగకపోవడం నా పొరపాటు ఎలా అవుతుంది?

అందువల్ల అవసరాలు రాసుకునే వ్యక్తి కనీసం 2 రోజులు మీ ఫ్యాక్టరీలో ఉండి, ఒక బస్తా కాటా దగ్గర నుంచి డబ్బాలో ప్యాక్ అయ్యేవరకు దాని వెంట నడవాలని పట్టుబట్టండి. పత్రాన్ని తెలుగులో అడగండి. అందులోని ప్రతి అవసరమూ పరీక్షించి చూడగలిగేలా ఉండాలి. 2018 నాటి ఐఎస్‌ఓ 29148 (అవసరాలను ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) కోరేదీ ఇదే. "కూలీల చెల్లింపు" అని వదిలేయకుండా, "తూకం 14.350 అని ఇస్తే కూలి 14.350 కిలోలకే లెక్కకట్టాలి" అని రాయించుకోండి. మార్పులకు రుసుము ఎలా నిర్ణయిస్తారో, సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ తయారీకి రాసిన అసలు ప్రోగ్రామ్) ఎవరిదో ముందే తేల్చుకుని, మీ సొంత లెక్కలతో సరిచూసిన తర్వాతే విడతలవారీగా సొమ్ము చెల్లించండి. వ్యాపారం కోసం కొన్న వాటికి, స్వయం ఉపాధితో బతికేవారికి తప్ప, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదు కాబట్టి ఒప్పందంలోని మాటలే మనకు దిక్కు.

ఆడవాళ్ళకు తగ్గిన కూలిని పాత పుస్తకాలు చూసి చేత్తో లెక్కగట్టి ఇచ్చేశాను. నేను సంతకం పెట్టిన ఆ 4 పేజీలు చూడాలనుకునే తోటి వ్యాపారులు అడిగితే తప్పకుండా చూపిస్తాను.