చౌడు మడికి సీసా మందు: మూడు స్టార్లు

పర్కాల దగ్గర మా రెండెకరాల్లో అరెకరం చౌడు. ఎండాకాలం మడిలో తెల్లటి పొర, వేలితో గీకితే సున్నంలా లేస్తుంది. మట్టి పరీక్షలో ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, 5.2 వచ్చింది. 4 దాటితే ఉప్పు నేల కిందే లెక్క. వరంగల్‌లో ఒక దుకాణంలో మేలు చేసే సూక్ష్మజీవులుండే జీవన ఎరువు లీటరు సీసా కొన్నా. "ఇందులో పురుగులు ఉప్పును తినేస్తయి అన్నా" అన్నాడు కౌంటర్ మీది పిల్లగాడు.

తినవు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది చూడండి, సూక్ష్మజీవుల ఒంట్లో నీళ్లనూ ఉప్పు అట్లాగే లాగేస్తుంది. వాటిలో గట్టివి ప్రోలిన్, గ్లైసీన్ బీటైన్ లాంటి నీళ్లను పట్టి ఉంచే పదార్థాలు లోపల కూడబెట్టుకుని తట్టుకుంటాయి. ఉన్న బలమంతా దానికే పోతే ఇక పెరిగేదేముంది? కొన్ని చస్తాయి, కొన్ని నిద్రపోతాయి. ఉప్పు కడిగి, తిండి పెడితే మిగిలినవి లేస్తాయి.

మొదటి ఏడు ఉత్త సీసా పోశా, దండగ. రెండో ఏడు తొలకరికి గట్లు వేసి, నీళ్లు రెండుసార్లు నిలిపి వదిలేశా. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూతకొచ్చే ముందు కలియదున్నా. ఆ తర్వాతే సీసా, అదీ మాగిన పశువుల ఎరువులో కలిపి. నాటు నిలబడింది. పిడికెడు మట్టి పిసికితే తొలివాన వాసన వచ్చింది, అది మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు వదిలే వాసనే.

సగం ఘనత జీలుగదే, అందుకే మూడు స్టార్లు. ఒకటి దుకాణానికి కోత: గడువు తేదీ మీదే ధర స్టిక్కర్ అంటించి, సీసాలను ఎండ తగిలే అద్దాల అరలో పెట్టారు.