నంది కొండకు నాలుగేళ్ల ప్రదక్షిణ: నా గ్రావెల్ సైకిల్

బెంగళూరులో ఖరీదైన సైకిల్ కొన్నవాళ్లలో ఏదో ఒక ఆదివారం నంది కొండ ఎక్కనివారు అరుదు. నేనూ అందుకే కొన్నాను. తీరా కొన్న నెలలోనే, 2021 ఆగస్టులో, వానలకు కొండచరియలు విరిగిపడి పైకి వెళ్లే రోడ్డు మూతపడింది. తిరిగి తెరిచేసరికి డిసెంబరు వచ్చింది. ఈలోగా వేరే పని లేక కొండ చుట్టూ ఉన్న మట్టిదారుల్లో తిరగడం మొదలుపెట్టాను. రోడ్డు బాగుపడ్డాక నాకే పైకి వెళ్లాలన్న ఉబలాటం పోయింది. ఇప్పుడు మీటరులో 11,400 కిలోమీటర్లు ఉన్నాయి. అందులో కొండపైకి వెళ్లింది రెండే సార్లు.

సైకిల్ కంపెనీ పేరు చెప్పను, ఎందుకో తర్వాత తెలుస్తుంది. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. గేర్లకు ముందు 46, 30 పళ్ల చక్రాలు, వెనుక 11 నుంచి 34. బరువు పదకొండు కిలోలకు కాస్త తక్కువ. ధర అప్పట్లో లక్షా ముప్పై వేలు. గ్రావెల్ సైకిల్ అంటే కంకర, మట్టి దారులకని చేసినది. చూడటానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్ ఉంటుంది, టైర్లు మాత్రం దాదాపు రెట్టింపు లావు. సారాంశం అంతా ఆ లావులోనే ఉందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటి ఏడాది అందరిలాగే టైర్లకు గట్టిగా గాలి కొట్టాను, అరవై పీఎస్ఐ దాకా. గట్టి టైరు వేగంగా పోతుందని చిన్నప్పటి నుంచి విన్న మాట. నున్నటి తారు మీద అందులో కొంత నిజం ఉంది. కంకర మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయి మీదికీ ఎగిరి పడుతుంది, దాంతో పాటు మనిషీ ఎగిరి పడతాడు, తొక్కిన బలమంతా ఆ ఎగరడానికే పోతుంది. దేవనహళ్లి దాటేసరికి నా చేతులు తిమ్మిరెక్కేవి. రెండో ఏడాది కంపెనీ ఇచ్చిన 38 మిల్లీమీటర్ల టైర్లు తీసి 42 వేయించాను, ముందు 30, వెనుక 34 పీఎస్ఐకి దించాను (నా బరువు 74 కిలోలు). అదే దారి, అవే రాళ్లు. టైరు వాటిని మింగుతూ వెళ్లింది. కార్బన్ చక్రాలకు డబ్బు దాచుకుంటున్న మిత్రులకు నేను చెప్పేది ఒకటే: ముందు మంచి టైర్లు కొనండి, గాలి తగ్గించండి, తర్వాత చూద్దాం.

ట్యూబులేని టైర్లు ఇక్కడ విలాసం కాదు. ఈ ప్రాంతమంతా సర్కారు తుమ్మ. దాని ముల్లు గొర్రెల కాపరి చెప్పును కూడా దాటుతుంది, రబ్బరు ఒక లెక్కా. టైరులో పోసే పాలలాంటి సీలెంటు ఆ రంధ్రాన్ని దానంతట అదే పూడుస్తుంది. ముల్లు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిలబెడితే, కాసేపు తెల్లటి నురగ బుసబుసమని ఆగిపోతుంది. ఒక రోజు ఒక్క టైరులోంచే ఏడు ముళ్లు పీకాను, పంపు బయటికి తీయకుండా ఇంటికి చేరాను. దీని లోపం కూడా చెప్పాలి. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండి, లోపల రబ్బరు ఉండలుగా మారుతుంది. వేసవిలో రెండు నెలలకోసారి పోయకపోతే ఉన్నా లేనట్టే.

గేర్ల గురించి ఎక్కువ చెప్పను. ముందు 30 పళ్లకు వెనుక 34 పడితే పెడల్ ఒక చుట్టు తిరిగినా చక్రం ఒక చుట్టు పూర్తి చేయదు. చెరువు కట్టల మీదికి, తోటల వెనుక గుట్టల మీదికి అది చాలు. సామాను కట్టుకుని ఎక్కేవారికి చాలదు.

ద్రాక్షతోట అనగానే క్యాలెండర్లలో కనిపించే ఐరోపా కొండవాలు, వరసలు గుర్తొస్తాయి. ఇక్కడ అలాంటి వరసలు కావాలంటే దేవనహళ్లి - దొడ్డబళ్లాపురం రోడ్డు పక్కన గ్రోవర్ వారి వైన్ తోటల దగ్గరికి వెళ్లాలి. చిక్కబళ్లాపురం వైపు రైతులవి చాలావరకు పందిళ్లు. మనిషి ఎత్తు రాతి స్తంభాలు పాతి, మీద తీగలు అల్లుతారు. ఏప్రిల్ పదకొండు గంటల ఎండలో ఎర్రమట్టి దారి కాలిపోతుంటే పక్కన అర ఫర్లాంగు పొడవున నీడ పరుచుకుని ఉంటుంది. బెంగళూరు బ్లూ అనే నల్లటి రకం ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది కనుక ఏదో ఒక తోటలో ఎప్పుడూ గుత్తులు కనిపిస్తాయి. తోలు మందం, గింజలు, పులుపు. వాసన మాత్రం దారి దాకా వస్తుంది. తెల్లటి దిల్‌ఖుష్ హైదరాబాద్ వాళ్లకు చుట్టమే, అక్కడి పాత ద్రాక్ష అనాబ్-ఎ-షాహీ నుంచి ఏరి పెంచిన రకం.

తోటల మధ్య తొక్కేవారికి ఒక హెచ్చరిక. పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు, దాని వెనుక మంచులాంటి తెర కనిపిస్తే ముందుకు వెళ్లకండి. అది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కావచ్చు, ఇంకా ఘాటైన మందూ కావచ్చు. ఒకసారి లెక్కచేయక దూరి, ఇంటికి వచ్చి రెండు రోజులు కళ్లు మండించుకున్నాను.

ఈ దారుల్లో భాష నాకు పెద్ద సుఖం. నేను తాడిపత్రి వాడిని. మా ఊరి పక్క ఇసుకలో ఎక్కువగా కనబడకుండా ఉండే పెన్న ఈ కొండల్లోనే పుట్టింది. ఇక్కడా నీళ్లు కనిపించవు, అది వేరే సంగతి. చాలా ఊళ్లలో కన్నడం మొదలుపెట్టిన రెండో వాక్యానికే ఎదుటివారు తెలుగులోకి వస్తారు. "దీనికి మోటారు లేదా అప్పా?" అని అడిగారు ఒక పెద్దాయన. లేదన్నాను. ధర అడిగారు, చెప్పాను. కాసేపు సైకిల్ వైపు, తర్వాత నా వైపు చూసి, "మోటారు పెట్టించి ఉండొచ్చు కదా" అన్నారు.

ఆయనను కలిసింది నా సైకిల్ విరిగిన రోజు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రైతులు రాగి, ఉలవ కోసి తారు రోడ్డు మీద పరుస్తారు, వెళ్లే బండ్లే నూర్చి పెడతాయి. కార్లకు ఏమీ కాదు. ఉలవ తీగ మాత్రం సైకిల్ వెనుక గేరు చక్రాలకు చుట్టుకుంటే తాడులా బిగుస్తుంది. నేను తొక్కుతూనే ఉన్నాను, చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే వెనుక డిరైలర్ చక్రం పుల్లల్లోకి వెళ్లింది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి విరిగింది. అరచేతిలో సగం కూడా ఉండని అల్యూమినియం ముక్క. అది విరగడం తప్పు కాదు, ఫ్రేమును కాపాడటానికే అలా మెత్తగా చేస్తారు. తప్పు ఎక్కడంటే, ఆ ముక్క ప్రతి మోడలుకూ వేరు, నా మోడలుది దుకాణంలో లేదు, కంపెనీ దగ్గరా లేదు. ఐదు వారాలు సైకిల్ గోడకు ఆనించి ఉంది. పేరు చెప్పనన్నది ఇందుకే. మిగతా కంపెనీల సైకిళ్లు కొన్నవాళ్లూ ఇదే కథ చెబుతున్నారు. సైకిల్ కొన్న రోజే రెండు హ్యాంగర్లు అడిగి తీసుకోండి, ఇవ్వలేకపోతే వేరే దుకాణం చూడండి. ఆ రోజు ఆ పెద్దాయన కొడుకు ట్రాక్టరులో నన్ను నంది క్రాస్ దాకా దించాడు.

మిగతా ఖర్చులు: మూడు చైన్లు, రెండు జతల టైర్లు, బ్రేకు ప్యాడ్లు ఆరు జతలు. ప్యాడ్లను తినేది వానాకాలపు ఎర్రమట్టి, సాన పట్టినట్టు అరిగిపోతాయి. రెండో ఏడాది నుంచి లోహం కలిసినవి వేస్తున్నాను, కీచుమంటాయి గాని రెండింతలు వస్తాయి.

నిశ్శబ్దం సంగతి వస్తే, తగ్గుతోంది. 2023 జనవరిలో చిక్కబళ్లాపురం పక్కన ఆవలగుర్కి దగ్గర ఈశా వారి ఆదియోగి శివుడి విగ్రహం వచ్చాక శని, ఆదివారాల్లో ఆ వైపు కార్లు బారులు తీరుతున్నాయి. క్వారీల టిప్పర్లు ఉండనే ఉన్నాయి. నేను బుధవారం సెలవు పెట్టి వెళుతున్నాను. ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య సమాధి దగ్గర నీళ్లు నింపుకుని, అక్కడి నుంచి తోటల దారి పడితే గంటసేపు ఎదురయ్యేది మేకలే.

వెనుక టైరు మధ్యలో గళ్లు చెరిగిపోయాయి, మార్చే వేళయింది. ఈసారి 45 వేద్దామని ఫ్రేములో కొలిచి చూశాను. ఒక్కో పక్క నాలుగు మిల్లీమీటర్లే మిగులుతోంది. ఎండాకాలం సరే, జూలైలో ఎర్రమట్టి ముద్దకట్టి చక్రం తిరగనివ్వదు. మళ్లీ 42కే చెప్పి వచ్చాను.