పాంప్లెట్లు, పర్సెంట్ కమీషన్: రెండు రిజిస్ట్రేషన్ల తర్వాత నా అనుభవం

గజం 22 వేల లెక్కన 180 గజాలు, మొత్తం 39 లక్షల 60 వేలు. దాని మీద రెండు పర్సెంట్ అంటే 79,200 రూపాయలు. వరంగల్ పక్కన హసన్‌పర్తి దగ్గర మా నాన్న కొన్న ప్లాటును 2023లో అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి బ్రోకర్ అడిగిన కమీషన్ ఇది. కొనేవాళ్ల దగ్గర ఇంకో రెండు పర్సెంట్ తీసుకుంటానని కూడా ముందే చెప్పాడు.

అంతకుముందు 2018లో భీమారంలో 30 లక్షలకు పాత ఇల్లు కొన్నాను. అప్పుడు 60 వేలు కమీషన్ ఇచ్చాను. బ్రోకర్ చేసిందల్లా రెండు సాయంత్రాలు బండి మీద తిప్పి నాలుగు ఇళ్లు చూపించడం. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే ఈసీ నేనే తీయించుకున్నాను, ఇల్లు అంతకుముందు చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లు నేనే చదువుకున్నాను. అప్పట్లో స్టాంపు డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి ఆరు శాతం, అంటే లక్షా 80 వేలు కట్టాం. తెలంగాణలో 2021 జులై నుంచి అది ఏడున్నర శాతం అయింది. అదే ఇల్లు ఇప్పుడు అదే ధరకు కొన్నా రెండు లక్షల 25 వేలు కట్టాలి. దానిపైన కమీషన్ కూడా అంటే మధ్యతరగతి ఇంటికి ఎంత బరువో ఆలోచించండి.

ప్లాటు సంగతికి వస్తాను. పాంప్లెట్లు వేయిస్తే పది రోజుల్లో అమ్ముడుపోతుందని బ్రోకర్ అన్నాడు, ఖర్చు మాత్రం నాదే. ఐదు వేల కాపీలు కలర్‌లో వేయించి, పేపర్ ఏజెంట్లకిచ్చి నయీంనగర్, సుబేదారి, కాజీపేట వైపు పేపర్లలో పెట్టించాం. మొత్తం 8,500 అయింది. ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు మా గల్లీలోనే నడుచుకుంటూ వెళ్లి చూశాను. మూడు ఇళ్ల ముందు మా పాంప్లెట్ పాల ప్యాకెట్ తడికి నేలకు అంటుకుపోయి ఉంది. ఒకామె పేపర్ దులిపి, రాలిన నాలుగు కాగితాలను చూడకుండానే చీపురుతో మోరీలోకి నెట్టింది. అందులో మాదీ ఉంది. నున్నటి కాగితం కదా, పిల్లలు లెక్కలు చేసుకోవడానికి కూడా పనికిరాదు.

పది రోజుల్లో 37 ఫోన్లు వచ్చాయి. ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. అందులో 29 మంది బ్రోకర్లే. "సార్, నా దగ్గర పార్టీ ఉంది, నాకెంత ఇస్తారు?" అన్నదే అందరి మాట. మిగతా ఎనిమిది మందిలో ఒక్కరూ ప్లాటు చూడ్డానికి రాలేదు. కమీషన్‌కు దారి వెతికే వాళ్లకు నా ఖర్చుతో నా నంబరు పంచిపెట్టినట్టు అయింది.

ప్లాటు కొన్నది కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన. 600 రూపాయలు పెట్టి ప్లాటులో పాతించిన రేకు బోర్డు మీద నంబరు చూసి ఫోన్ చేశారు. అది తెలిసి మొదటి బ్రోకర్ ఇంటికొచ్చి, పాంప్లెట్ చూసే వచ్చాడు కాబట్టి కమీషన్ ఇవ్వాలని పట్టుబట్టాడు. కొనేవారే స్వయంగా కాదని చెప్పాక గానీ కదల్లేదు. ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే.

బ్రోకర్లంతా ఇంతే అనడం అన్యాయం. ఇదే అమ్మకంలో ఒక పెద్దమనిషి కాగితాల పనికి సాయం చేశారు. మా డాక్యుమెంట్‌లో తూర్పు హద్దు 20 ఫీట్ల రోడ్డు అని, లింకు డాక్యుమెంట్‌లో 30 ఫీట్లు అని ఉన్నట్టు పట్టుకున్నది ఆయనే. మా నాన్నకు అమ్మినాయన ఇప్పుడు పరకాలలో ఉంటున్నాడు. అక్కడికి రెండుసార్లు వెళ్లి, ఒప్పించి తీసుకొచ్చి సవరణ డీడ్ రిజిస్టర్ చేయించారు. ఆయనతో ముందే కాగితం మీద 40 వేలు అని రాసుకున్నాం. సంతోషంగా ఇచ్చాను.

నా అభిప్రాయం ఒక్కటే. పనికి డబ్బు ఇవ్వాలి, ధరలో వాటా ఇవ్వకూడదు. 20 లక్షల ప్లాటుకైనా 60 లక్షల ప్లాటుకైనా తిరిగే తిరుగుడు ఒకటే. కమీషన్ ఇంత అని రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా చట్టం కూడా చెప్పలేదు, అది మనం మాట్లాడుకునేదే. కాకపోతే వెంచర్ల పాంప్లెట్ చేతికొస్తే రెరా నంబరు ఉందో లేదో చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ప్రకటనలో ఆ నంబరు ఉండాలి.

కమీషన్ బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు అడగండి. అమ్మేవాళ్లు లాభం మీద పన్ను లెక్కించేటప్పుడు ఆ ఖర్చును తీసేసుకోవచ్చు. ఆ పెద్దమనిషి అడగ్గానే రాసి సంతకం పెట్టి ఇచ్చారు. 2018లో 60 వేలు తీసుకున్నతను మాత్రం రసీదు మాటెత్తితే "మన మధ్య అవెందుకన్నా" అని బండెక్కాడు.