ఉచిత ఖాతా యాప్ నాలుగేళ్ళు వాడాక: నా ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నా

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పశువుల దాణా కొట్టు. తవుడు, గానుగ చెక్క, మొక్కజొన్న నూక, ఏది పట్టుకెళ్ళినా సగం మంది అరువే, పాల డబ్బులు పడ్డాక కడతారు. 2021 చివర్లో అరువు లెక్కలు ఫోన్‌లో రాసుకునే ఒక ఉచిత ఖాతా యాప్ ఎక్కించుకున్నాను. పేరు ఇక్కడ అనవసరం. ఎంట్రీ ఎలా వెయ్యాలి, ఎరుపేంటి, పచ్చేంటి అన్నది అరువు కొట్టు నడిపే అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను.

నేను దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఒక్కదానికే, బాకీ గుర్తు చేసే మెసేజ్. ఇచ్చిన అప్పు అడగడానికి నోరు రాకపోవడం మా ఇంటి జబ్బు, మా నాన్నదీ అదే వరస. పాల బిల్లు పడే రోజు పొద్దున్నే ఒక బటన్ నొక్కితే ఫలానా కొట్టుకి ఇంత ఇవ్వాలి అని తెలుగులో వెళ్ళేది, సాయంత్రానికి మనిషి తనంతట తనే వచ్చి కట్టేవాడు, నేనేదో అప్పుడే గుర్తొచ్చినట్టు మొహం పెట్టేవాణ్ణి. అంత సుఖం. రెండేళ్ళ కిందట ఐదు స్టార్లు ఇచ్చి 'మొండి బాకీలు సగానికి తగ్గాయి' అని రాశాను కూడా. మొన్న లెక్కలు తిరగేస్తే తెలిసిందేంటంటే, మెసేజ్ చూసి కట్టినవాళ్ళు ఎలాగూ కట్టేవాళ్ళే. కట్టని ఆరుగురూ అప్పుడూ ఆరుగురే, ఇప్పుడూ ఆరుగురే.

అసలు సంగతి కిందటేడు విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఉత్సవం అయిన మరుసటి వారం జరిగింది. మా ఊళ్ళో ఒక పెద్దాయన, నాకు మావయ్య వరస, రెండు గేదెలు ఉన్నాయి. ఆయనకి ఫోన్ లేదని హైదరాబాద్‌లో ఉండే అల్లుడి నంబరు ఎక్కించాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. బాకీ 2,340 రూపాయలు. ఎప్పట్లాగే బటన్ నొక్కాను, మర్చిపోయాను. రెండు రోజులయ్యాక కొట్టు తెరవకముందే వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"ఏటి బాబూ, మా అల్లుడికి లోను ఇప్పిస్తానన్నావట?"

నాకేమీ అర్థం కాలేదు. అల్లుడు పంపిన ఫొటో మనవడి ఫోన్‌లో చూపించాడు. పైన నా కొట్టు పేరు, కింద బాకీ, అంతవరకు నాదే. దాని కింద నేను జన్మలో రాయని లైను ఒకటి: ఈ బాకీ తీర్చడానికి 50,000 వరకు తక్షణ రుణం, ఇక్కడ నొక్కండి. చూసేవాళ్ళకి ఆ మాట నేనే అన్నట్టుంది. ఆ తర్వాత మూడు రోజుల్లో అల్లుడికి లోన్ కావాలా అంటూ నాలుగు ఫోన్లొచ్చాయట. ఆ ఫోన్లు దీనివల్లే వచ్చాయని నేను రుజువు చూపించలేను, ఆ లైను మాత్రం కళ్ళారా చూశాను.

"నువ్వడిగితే నానివ్వనా? అల్లుడి చెవినెయ్యాలేటి?" అన్నాడు. అరవలేదు, అరిచినా బాగుండేది.

ఆదివారం మా అమ్మాయి విజయనగరం హాస్టల్ నుంచి వస్తే, నేను నాలుగేళ్ళ కిందట 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన షరతులు తీయించాను. యాప్ అంతా తెలుగు, షరతులు మాత్రం ఇంగ్లీషు. అది చదువుతూ మధ్యలో ఒకచోట ఆగి నా వంక చూసింది. నేను ఎక్కించే ప్రతి నంబరు తాలూకు మనిషి దగ్గరా నేను ముందే అనుమతి తీసుకున్నట్టు హామీ ఇచ్చానట. రెండొందల పైచిలుకు ఖాతాదార్లలో ఒక్కరినీ అడగలేదు, అడగాలని కూడా తెలీదు. రేపు వాళ్ళలో ఎవరైనా కేసు పెడితే కంపెనీకి అయిన ఖర్చు నేనే భరించాలట. 'భాగస్వామ్య రుణ సంస్థల' ఆఫర్లు నా మెసేజ్‌లో కలపడానికి కూడా ఒప్పేసుకున్నాను. యాప్ తీసేసినా డేటా పోదు, ఖాతా తొలగించమని విడిగా మెయిల్ పెట్టుకోవాలి.

2017లో ఇంగ్లండ్‌లో ఒక ఉచిత వైఫై కంపెనీ కావాలనే షరతుల్లో పబ్లిక్ మరుగుదొడ్లు కడగాలని కూడా రాస్తే 22,000 మంది ఒప్పేసుకున్నారని మా అమ్మాయి చెప్పి నవ్వింది. వాళ్ళు నయం, కడిగితే వాళ్ళే కడగాలి. నేను ఊళ్ళోవాళ్ళ తరఫున సంతకం పెట్టేశాను.

రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. కానీ ఇది రుణ యాప్ కాదు కదా, ఖాతా పుస్తకం. పైగా ఆ నంబర్లు ఎవరూ లాక్కోలేదు, ఒక్కొక్కటీ నా చేత్తో నేనే టైప్ చేసి ఇచ్చాను. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసు తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ ఆ భాగం అమలుకి 18 నెలల గడువిచ్చారు. అందాకా ఇంగ్లీషు షరతులు భూతద్దం పెట్టి చదువుకోవాల్సిందే.

కంపెనీకి రాస్తే తొమ్మిది రోజులకి జవాబిచ్చారు, ఆ ఆఫర్లు ఆపుకోవచ్చు అని. నిజమే, సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగితే ఒక మీట ఉంది, మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది.

తీసెయ్యలేదు. లెక్కలు తప్పు పోవడం లేదు, ఆ మంచి కాదనను. నంబర్లన్నీ తీసేసి పేర్లు మాత్రం ఉంచాను, కాంటాక్టుల అనుమతి ఆపేశాను, మెసేజ్‌లు బంద్. పాత నంబర్లు వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయో లేదో దేవుడికెరుక. మీది టౌను కొట్టయి, ఖాతాదార్లు మీకు మొహం తెలియనివాళ్ళయితే మీకిది ఇంత బాధ అనిపించకపోవచ్చు. నాలా సాయంత్రం అదే రచ్చబండ దగ్గర కూచునేవాళ్ళయితే ఆ మీట ముందు ఆపండి. మెసేజ్ పోయింది కాబట్టి ఇప్పుడు రెండు స్టార్లే.

మావయ్య బాకీ మొత్తం ఆ రోజే కట్టేశాడు. ఇప్పటికీ తవుడుకి మా కొట్టుకే వస్తాడు, కాకపోతే అరువు పెట్టడు. బస్తా సైకిల్ మీద కట్టుకుంటూ నా చేతిలో ఫోన్ కనబడితే చాలు, "ఏటి, రాసీసినావేటి?" అని అడుగుతాడు.