సున్నా నంబరు లాడ్జి ఉన్న ఊరు

ఫ్రీమేసన్ల (రాతిపనివారి సంఘాల నుంచి పుట్టిన సోదర సంఘంవాళ్లు; వాళ్ల ఒక్కో శాఖను లాడ్జి అంటారు, బస చేసే లాడ్జి కాదు) చరిత్ర చూడాలని స్కాట్లాండ్ వెళ్లేవాళ్లు చాలామంది ఎడింబరోలో దిగీ దిగగానే రాస్లిన్ చాపెల్ దారి పడతారు. మేమూ అదే చేశాం. 1446లో మొదలైన ఆ చాపెల్‌లో అప్రెంటిస్ స్తంభాన్ని చుట్టుకుంటూ పైకి పాకిన రాతి తీగను ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయితే అక్కడ మేసన్ల గురించి చెప్పేవాటిలో చరిత్ర పిసరంత, కట్టుకథ కొండంత. జనం కిటకిటలాడతారు, మేం వెళ్లినప్పుడు లోపల ఫొటోలు తీయనివ్వలేదు. శిల్పం కోసమైతే తప్పక వెళ్లండి. లాడ్జీల కోసమైతే గ్లాస్గో సెంట్రల్‌లో రైలెక్కి కిల్‌విన్నింగ్‌లో దిగండి.

చిన్న ఊరు. స్టేషన్ నుంచి నడిచే వెళ్లవచ్చు. ప్రధాన వీధిలో ఉన్న లాడ్జి భవనం 1893 నాటిది. తెలియనివాళ్లు దాని ముందునుంచే వెళ్లిపోతారు. లోపల చూడాలంటే ముందుగా ఉత్తరం రాసి అడగడం మేలు, అది పర్యాటక కేంద్రం కాదు. ఈ లాడ్జి నంబరు సున్నా! దాని వెనుక పెద్ద తగవే ఉంది.

రాజుగారి కట్టడాల అధికారి విలియం షా 1599లో రాతిపనివారి లాడ్జీలకు నియమాలు రాస్తూ ఎడింబరోకు మొదటి స్థానం, కిల్‌విన్నింగ్‌కు రెండోది, స్టర్లింగ్‌కు మూడోది ఇచ్చాడు. 1736లో లాడ్జీలన్నిటికీ పైనుండే స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జి ఏర్పడ్డాక ఎవరు పెద్ద అన్న ప్రశ్న మళ్లీ లేచింది. ఆధారం చూపమన్నారు. ఎడింబరో దగ్గర 1599 నుంచి సమావేశాల మినిట్స్ ఉన్నాయి, కిల్‌విన్నింగ్ దగ్గర మిగిలినవి 1642 నుంచే. మాటపడ్డ ఊరు 1743లో బయటికి వచ్చేసి, తానే ఇతర ఊళ్ల లాడ్జీలకు చార్టర్లు, అంటే అనుమతి పత్రాలు, ఇస్తూ కూర్చుంది. 1807లో రాజీ కుదిరింది: ఎడింబరో ఒకటో నంబరుగానే ఉంది, కిల్‌విన్నింగ్‌ను దాని పైన సున్నాగా రాశారు. ఇంత తెలివైన రాజీ మన ఊరి పెద్దలకు కూడా తట్టదేమో.

పక్కనే శిథిలమైన మఠం ఉంది. దాన్ని కట్టిన పనివాళ్లే లాడ్జి పెట్టారని ఊరివారి నమ్మకం. కాగితం సాక్ష్యం లేదు, గోడలు మాత్రం బాగున్నాయి.

మేసన్ల కోసం చూడదగ్గ మరో ఊరు టార్‌బోల్టన్ ఇంకా చిన్నది. 1780లో కవి రాబర్ట్ బర్న్స్ మిత్రులతో చర్చాగోష్ఠి నడిపిన గడ్డికప్పు ఇల్లు ఇక్కడే ఉంది. మరుసటి ఏడాది ఈ ఊళ్లోనే ఆయన మేసన్‌గా చేరాడు, 1784లో లాడ్జికి ఉపాధ్యక్షుడయ్యాడు. పల్లెటూరి రైతుబిడ్డ ఊరి పెద్దలతో ఒకే బల్ల దగ్గర కూర్చోగలగడం ఆ రోజుల్లో లాడ్జి వల్ల సాధ్యమైంది. ఆ ఇరుకు గదిలో నిలబడితే అది ఏ పుస్తకం చెప్పనంత బాగా అర్థమవుతుంది. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ సంస్థ చూసుకునే ఈ ఇల్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. తేదీలు చూసుకునే బయలుదేరాలి.

బసకు ఎయిర్ ఊరే నా ఓటు. కిల్‌విన్నింగ్‌కు రైలు, టార్‌బోల్టన్‌కు బస్సు, పక్కనే సముద్రం. గ్లాస్గోలో స్టేషన్ దగ్గర చవకగా దొరికిందని దిగిన హోటల్లో రాత్రంతా వీధి గోలే. ఎయిర్‌లో ఉన్న ఇంట్లో మెట్లు నిటారుగా ఉండి, లిఫ్టు లేకపోయినా, యజమానురాలు పొద్దున్నే ఫలహారంతో పాటు బస్సు వేళలు కూడా కాగితం మీద రాసి ఇచ్చేది. పెద్దవాళ్లతో వెళితే కింది అంతస్తు గది ముందే అడగండి. ఆదివారం మాత్రం టార్‌బోల్టన్ పెట్టుకోకండి, బస్సులు బాగా తక్కువ.