ఈక్వెడార్ కొండల్లో ఒక్క హమ్మింగ్‌బర్డ్‌నే చూడగలిగితే: స్వోర్డ్‌బిల్లా, హిల్‌స్టారా?

హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మన పెరట్లో మందారాల దగ్గర తిరిగేది తేనెపిట్ట, దాని కుటుంబం వేరు. అందుకే పిట్టల పిచ్చి ఉన్న మనవాళ్లు ఈక్వెడార్ దాకా వెళ్తే ఈ టెన్షన్ తప్పదు. ఉన్న కొద్ది రోజుల్లో ఏ పిట్ట కోసం కొండెక్కాలి?

చూడగానే నోరు తెరిపించేది స్వోర్డ్‌బిల్. తోకను లెక్కలోంచి తీసేస్తే దాని ముక్కు ఒంటికంటే పొడవు. ప్రపంచంలో మరే పక్షికీ అలా ఉండదు. ఒళ్లు ఆకుపచ్చ, బరువు 10 నుంచి 15 గ్రాములు. అంత ముక్కుతో ఈకలు సవరించుకోవడం కుదరదు కాబట్టి కాళ్లతోనే గోక్కుంటుంది. వెనెజువెలా నుంచి బొలీవియా దాకా, ఆండీస్ తడి అడవుల్లో ఉంటుంది. మన తోటల్లో రాఖీ పువ్వు అని పెంచే కృష్ణకమలం ఉంది కదా, ఆ జాతిదే పాసిఫ్లోరా మిక్స్టా అనే తీగ అక్కడ పెరుగుతుంది. దాని పువ్వు సన్నటి పొడవాటి గొట్టం, తేనె అట్టడుగున. అక్కడిదాకా అందే ముక్కు దీనిదే. ఈ పిట్ట రాకపోతే ఆ తీగకు పుప్పొడి మోసే దిక్కు దాదాపు లేనట్టే.

ఇంత ఉన్నా నా ఓటు హిల్‌స్టార్‌కే.

అడవి ఆగిపోయాక మొదలయ్యే పారమో గడ్డినేలల్లో, 3,500 మీటర్ల నుంచి 5,000 మీటర్ల దాకా, ఇది బతుకుతుంది. మగదాని తల, గొంతు మెరిసే ఊదా నీలం. కింద తెల్లటి పొట్ట, మధ్యలో నల్లటి చార. చింబోరాజో కొండ మీద ఉండేవాటికి గొంతు దగ్గర పచ్చ మచ్చ కూడా ఉంటుంది. ఆడది మాసిన రంగులో ఉంటుంది, గొంతు మీద చుక్కలు.

దీని ముఖ్యమైన తిండి చుకిరాగా అనే ముళ్లపొద నారింజ పూలలోని తేనె. చిన్న పురుగులనూ పట్టుకుంటుంది. అంత ఎత్తున గాలి పలచన, ఒకేచోట రెక్కలాడిస్తూ నిలవడానికి శక్తి బాగా ఖర్చవుతుంది. అందుకే ఇది బలమైన కాళ్లతో కొమ్మను పట్టుకుని, వాలి కూర్చునే తేనె తాగుతుంది. గూడు కట్టేది గాలీ వానా తగలని బండల చాటున. ఇక రాత్రి చలికి ఒంటి వేడిని బాగా తగ్గించేసుకుని మొద్దునిద్రలోకి జారుకుంటుంది. దీనికి బంధువైన బ్లాక్ మెటల్‌టెయిల్ ఒంటి వేడి 3.26 డిగ్రీలకు పడిపోవడం పెరూ కొండల్లో నమోదైంది, 2020లో ఆ సంగతి అచ్చయింది. అలా పడిపోయి, తెల్లారేసరికి మళ్లీ ఎగరడం నాకైతే ఎన్నిసార్లు తలచుకున్నా నమ్మబుద్ధి కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. స్వోర్డ్‌బిల్‌ని చాలామంది చూసేది ఈక్వెడార్ రాజధాని క్విటో దగ్గర యానకోచా రిజర్వులో, చక్కెర నీళ్ల ఫీడర్ దగ్గర. హిల్‌స్టార్‌ని దాని పొద మీద, దాని చలిలో చూడొచ్చు.

అయితే చింబోరాజో మీద కారు వెళ్లే చోటే 4,800 మీటర్ల ఎత్తు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు యానకోచాకే వెళ్లడం మేలు. మిగతావాళ్లు ముందు క్విటోలో ఒకటి రెండు రోజులు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలి. చింబోరాజో దాకా వెళ్లే టైమ్ లేకపోతే క్విటోకి దగ్గర్లోని యాంటిసానా కొండ మీదా హిల్‌స్టార్ ఉంది, కాకపోతే అక్కడి మగవాటికి ఆ పచ్చ మచ్చ ఉండదు.