చావు ఇంట బేరం: కర్నూలులో మూడు అంత్యక్రియల సేవల పోలిక

గత ఆగస్టులో ఒక సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గరి మా ఇంట్లో, 82 ఏళ్ల మా అమ్మ కన్నుమూసింది. తమ్ముడు దుబాయి నుంచి హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి 210 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి కనుక మంగళవారం రాత్రికి గాని ఇల్లు చేరలేడు. పొద్దు గూకిన తరువాత దహనం చేయరాదని పెద్దలు అన్నారు కనుక బుధవారం ఉదయానికి ముహూర్తం కుదిరింది. ఆ రెండు రాత్రులూ అమ్మను ఇంట్లో ఉంచుకోవడానికి ఫ్రీజరు పెట్టె, ఆ తరువాత శ్మశానవాటికకు వాహనం, పాడె, కట్టెలు, పురోహితుడు, ఇవన్నీ ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ రాత్రి మేము మాట్లాడిన మూడు చోట్ల ధరలను, చివరకు ఒకరితో చేయించుకున్న పని తీరును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. మాకు ఒక విధంగా చేసినవారు మరొక ఇంటికి మరొక విధంగా చేసి ఉండవచ్చు.

నేను ఖజానా కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, లెక్క రాసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టడం నాకు చేతకాదు. అయినా ఆ రాత్రి ఫోను నా చేతిలో ఉండి ఉంటే, మొదట దొరికిన వాళ్లకే సరేనని చెప్పి ఉండేవాణ్ణి. మా అక్క కొడుకు ఆ పని తన మీద వేసుకుని, "మామా, నువ్వు అమ్మమ్మ దగ్గర కూర్చో, నేను అడిగి కాగితం మీద రాసుకొస్తా" అన్నాడు. ఏడుస్తున్నవాడు బేరం చేయలేడు, చేసినా పక్కనున్నవాళ్లు తప్పు పడతారు. చావు ఇంట బేరమేమిటన్న ఆ మొహమాటమే ఈ వ్యాపారంలో కొందరికి అసలైన పెట్టుబడి అని నాకు ఆ తరువాత రెండు రోజుల్లో అర్థమైంది.

మొదటి సంస్థ ఆసుపత్రుల దగ్గర, బస్టాండు దగ్గర గోడల మీద పెద్దగా ప్రకటనలు రాయించుకున్నది. ఫోనులో ఒకే మాట చెప్పారు: అన్నీ కలిపి 26,000 రూపాయలు, మీరు దేనికీ కదలనవసరం లేదు. వినడానికి ఎంతో హాయిగా ఉన్న మాట అది. మా మేనల్లుడు "అన్నీ" అంటే ఏమేమిటని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాక ఆ హాయి తగ్గుతూ వచ్చింది. ఫ్రీజరు పెట్టె ఒక్క రోజుకే ఆ ధరలో చేరి ఉన్నది. పైన ప్రతి రోజుకూ 3,000. ఆ రోజులను వారు గంటలతో కాక తేదీలతో లెక్కపెడతారట. సోమవారం రాత్రి పదకొండుకు వచ్చి బుధవారం ఉదయం పదికి వెళ్లిపోయే పెట్టెకు మా లెక్కలో 35 గంటలు, వారి లెక్కలో మూడు రోజులు. కట్టెలు మూడు క్వింటాళ్లు మాత్రమే. పెద్దవారి దహనానికి మామూలుగా నాలుగైదు క్వింటాళ్లు పడుతుందని, పైన కావలసిన ప్రతి క్వింటాలుకు 1,500 అని వారే ఒప్పుకున్నారు. వాహనానికి పూల అలంకారం 4,000 వేరు. కాటికాపరికి 3,000 మేమే ఇచ్చుకోవాలి. మరణ ధ్రువపత్రం తెప్పించి ఇవ్వడానికి మరొక 1,500. ఇవన్నీ కూడితే 26,000 కాస్తా 43,500 అయింది. బిల్లు కావాలంటే దాని మీద జీఎస్టీ అదనమని కూడా చెప్పారు.

ఈ జీఎస్టీ మాట దగ్గర కాస్త ఆగాలి. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం మూడవ షెడ్యూలు ప్రకారం అంత్యక్రియలు, ఖననం, దహనవాటిక, శవాగారం సేవలు, పార్థివ దేహాన్ని తరలించడం, ఇవేవీ ఆ పన్ను పరిధిలోకే రావు. పన్ను శాతం తక్కువ అనో, మినహాయింపు ఉన్నదనో కాదు, చట్టం దృష్టిలో అది అసలు సరఫరాయే కాదు. నేను ఆ సంగతి చెప్పినప్పుడు అవతలి మనిషి ఒక క్షణం ఆగి, "ఇట్లాంటప్పుడు లెక్కలు చూసుకుంటారా సార్" అన్నాడు. ఆ ప్రశ్నతోనే మేము ఫోను పెట్టేశాము.

మరణ ధ్రువపత్రానికి అడిగిన 1,500 సంగతీ అంతే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపల సమాచారం ఇస్తే నమోదుకు రుసుము లేదు. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే అధికారి అనుమతి అవసరమవుతాయి. ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణం రాసి ఇచ్చే పత్రానికి కూడా రుసుము తీసుకోరాదని అదే చట్టం చెబుతున్నది. అమ్మను చూస్తూ వచ్చిన డాక్టరు మంగళవారం ఉదయమే వచ్చి ఆ పత్రం రాసి ఇచ్చారు. దానితో పాటు శ్మశానవాటికలో ఇచ్చిన రసీదు, అమ్మ ఆధార్ నకలు పట్టుకుని నేనే వార్డు సచివాలయానికి రెండుసార్లు వెళ్లాను. ధ్రువపత్రంలో ఇంటిపేరు అక్షరాలు బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయా అని చూసుకోవలసింది మనమే కనుక, ఈ పని డబ్బిచ్చి మరొకరికి అప్పగించడం నాకు ఎలాగూ ఇష్టం లేదు.

రెండవది మా వీధిలో ఒకరు చెప్పిన చిన్న దుకాణం. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు నడుపుతున్నారు. వారికి ప్యాకేజీ లేదు. పెద్దాయన ఇంటికి వచ్చి, ఎవరు ఎప్పటికి వస్తున్నారు, దహనమా ఖననమా, పెట్టెను ఏ గదిలో ఉంచుతారు, ఆ గదిలో ప్లగ్గు ఎక్కడ ఉన్నది, ఇవన్నీ అడిగి, ఒక నోటుపుస్తకపు కాగితం చించి దాని మీద రాసి ఇచ్చాడు. ఫ్రీజరు పెట్టె 24 గంటలకు 3,500 చొప్పున రెండు రోజులకు 7,000, వాహనం 3,000, పాడె, కుండలు, కొత్త వస్త్రం వగైరా 2,500, కట్టెలు అయిదు క్వింటాళ్లు 5,000, కాటికాపరికి 2,000, పురోహితుడు, ఆయన సామగ్రి 6,000, పూలు 3,000. మొత్తం 28,500. దాని కింద, కరెంటు పోయి జనరేటరు పంపవలసి వస్తే 800, అదనంగా కట్టెలు పడితే క్వింటాలుకు 1,000 అని కూడా రాశాడు. ఆ రెండు వాక్యాలను చూసే మేము సరేనన్నాము, ఎందుకంటే రాబోయే ఖర్చును ముందే చెప్పినవాడు ఆ రాత్రి ఆయన ఒక్కడే.

మూడవది ఒక సేవాసమితి. పెట్టెకు అద్దె లేదు, 2,000 డిపాజిట్టు కట్టి తరువాత వెనక్కు తీసుకోవచ్చు. వాహనానికి డీజిలు ఖర్చు ఇస్తే చాలు. ధర చూస్తే దీనికి పోటీయే లేదు. అయితే వారి దగ్గర ఉన్నది ఒకే పెట్టె, అది అప్పటికే కల్లూరు వైపు ఒక ఇంట్లో ఉన్నది. వాహనమైనా తీసుకుందామనుకుంటే, పెట్టె ఇచ్చినచోట వాహనం కూడా తమదే ఉండాలని రెండవ దుకాణం వారు షరతు పెట్టారు. ఈ షరతు నాకు నచ్చలేదు. దాని వల్ల రెండు వేలకు పైగా మాకు అనవసరంగా ఖర్చయింది.

ఇక పని తీరు. పెట్టె రాత్రి పదకొండు గంటలకు వచ్చింది. దేహాన్ని వెంటనే అందులో పెట్టనివ్వకుండా, దానిని సమతలంగా ఉంచి, కంప్రెసరు వైపు గోడకు తగలకుండా ఒక అడుగు ఖాళీ వదిలి, ముప్పావు గంట పాటు ఉత్తగా నడిపి చల్లబరిచారు. మా బంధువులు కొందరు ఆలస్యమని విసుక్కున్నారు గాని, అది తెలిసిన పని. అద్దం మీద చెమ్మ పట్టినప్పుడు ఎలా తుడవాలో, అడుగున నీళ్లు చేరే గొట్టం కింద ఏ గిన్నె పెట్టాలో చిన్న కొడుకు చూపించి వెళ్లాడు. మంగళవారం మధ్యాహ్నం వానకు కరెంటు పోయింది. మూత తెరవకండి, చలి కాసేపు నిలుస్తుంది అని ఫోనులో చెప్పి, అరగంటలో చిన్న జనరేటరు పంపారు. చూడవచ్చినవాళ్లు తాకి ఏడవాలని మూత తీయించబోతే అడ్డుపడవలసిన కఠినమైన పని మాత్రం మా అక్క మీద పడింది.

బుధవారం ఉదయం వాహనం నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎండలో నిలబడవలసి రావడం నాకు బాధ కలిగించింది, దానికి వారు సరైన కారణం కూడా చెప్పలేదు. పురోహితుడి విషయంలో అంతకన్నా అసంతృప్తి. అపరకర్మలు చేయించేవారు ఈ ఊళ్లో కొద్దిమందే కనుక ఒకే ఉదయం ఆయన రెండు మూడు చోట్లకు వెళ్లవలసి ఉంటుందని తెలుసు. అయినా దింపుడు కళ్లం దగ్గర తమ్ముడు అమ్మ చెవిలో మూడుసార్లు పిలవడం పూర్తి కాకముందే పాడె ఎత్తమని తొందరపెట్టడం బాగాలేదు. సామగ్రి సంచిలో నువ్వులు లేవు. ఎవరో బండి మీద వెళ్లి కొనుక్కొచ్చారు. 6,000 తీసుకున్న చోట ఇది చిన్న లోపమని నేను అనుకోను. మళ్లీ చేయించుకోవలసి వస్తే, పురోహితుణ్ణి మాత్రం మా ఇంటి వ్రతాలకు వచ్చే ఆయన ద్వారా విడిగా మాట్లాడుకుంటాను.

కట్టెల దగ్గర వారు నమ్మకంగా ఉన్నారు. డిపోలో తూచిన కాటా చీటీ ఇచ్చారు, తుమ్మ మొద్దులతో పాటు పైన పేర్చడానికి సన్న కట్టెలు కూడా తెచ్చారు. శ్రావణమాసపు వానలకు పై వరుస కొంత చెమ్మగా ఉండటంతో కాటికాపరి మరొక క్వింటాలు కావాలన్నాడు, తెప్పించారు. బరువు చూసి కొనే ఈ వస్తువులో తడి కట్టె రెండు విధాల నష్టం: నీటికి కూడా డబ్బు కడతాము, అది కాలక డీజిలు పోయవలసి వస్తుంది. వానాకాలంలో మాట్లాడుకునేవారు ధరకన్నా ముందు కట్టెలను ఎక్కడ నిల్వ ఉంచారో అడగడం మంచిది. మొత్తం మీద కాగితంలోని 28,500కు జనరేటరు 800, అదనపు క్వింటాలు 1,000 కలిసి 30,300 అయింది. ఒక్క రూపాయి కూడా దాని పైన అడగలేదు. షామియానా, కుర్చీలు, భోజనాలు ఈ లెక్కలో లేవు.

అస్థికలను మూడవ రోజున సంకల్‌బాగ్ ఘాటు దగ్గర తుంగభద్రలో కలిపాము. నది నిండుగా ఉన్నది కనుక శ్రీశైలానికో, సంగమేశ్వరానికో బండి మాట్లాడుకునే అవసరం రాలేదు. ఎండాకాలంలో అయితే ఇక్కడ నీటి కోసం వెతుక్కోవలసి వస్తుంది, ఆ ప్రయాణపు ఖర్చును కూడా ముందే లెక్కలో చేర్చుకోవాలి.

ఖననం చేసే కుటుంబాలు మన సీమలో చాలా ఉన్నాయి. వారికి కట్టెల ఖర్చు పోయి గుంత తవ్వకం వస్తుంది. మనుషులా, జేసీబీయా అన్నదాన్ని బట్టి, నేల రాతిదా కాదా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. లింగాయతుల్లో దేహాన్ని కూర్చోబెట్టి తీసుకువెళతారు కనుక పడుకోబెట్టే మామూలు వాహనం వారికి పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి.

మరణం ప్రభుత్వాసుపత్రిలో జరిగితే దేహాన్ని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనం ఉచితం. గేటు బయట నిలబడిన ప్రైవేటు బండివాళ్లు ఆ మాట చెప్పరు, కాబట్టి వార్డులోని నర్సునో డ్యూటీ డాక్టరునో అడగాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలోని ఒక ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక తండ్రి, అంబులెన్సువాళ్లు అడిగిన డబ్బు ఇచ్చుకోలేక, పదేళ్ల కొడుకు దేహాన్ని మోటారు సైకిలు మీద రాజంపేట వైపు దాదాపు 90 కిలోమీటర్లు తీసుకువెళ్లిన సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. హైదరాబాదు ఆసుపత్రుల నుంచి ప్రైవేటు బండిలో తెచ్చుకునేవారు కిలోమీటరు ధర అడిగేటప్పుడు, అది రానూపోనూ రెండు వైపులకూ కలిపి చెప్పిన ధరా, ఒక వైపుకా అని తప్పక అడగాలి. కర్నూలు దాకా అయితే 210 కాదు, 420 కిలోమీటర్లకు కట్టించుకునేవారే ఎక్కువ.

మేము చేయించుకున్న రెండవ దుకాణానికి నేను అయిదింట నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి వాహనం ఆలస్యానికి, పురోహితుడి తొందరకు. సేవాసమితి వారి పెట్టె ఖాళీగా ఉంటే ముందు అక్కడికే ఫోను చేయమని చెబుతాను. ఆ నోటుపుస్తకపు కాగితం ఇప్పటికీ అమ్మ పింఛను పుస్తకంలోనే ఉన్నది. మొన్న పక్క వీధి ఆయన తండ్రి పోయినప్పుడు దానికి జిరాక్సు తీసి ఇచ్చాను; ఫ్రీజరు పెట్టె అద్దె మాత్రం అప్పటికే 4,000 అయిందట.